సన్న సూదితో తీసిన రక్తం

నిన్న నువ్వు కాలేజీ నుంచి వచ్చి నా పక్కన కూర్చున్నప్పుడు నీ మోచేతి మడతలో దూది అంటించి ఉంది. ఏమే అంటే, రక్తపరీక్షల క్యాంపు పెట్టారన్నావు. ఆ దూది పీకి పారేస్తుంటే స్పిరిటు వాసన గుప్పున కొట్టింది. నీకది ఆస్పత్రి వాసన, శ్రావణీ. నాకు మాత్రం సయీదా ఆపా వాసన. ఆమె వికారాబాద్ ఇంట్లో ముందుగదిలో ఎప్పుడూ అదే వాసన, దానితోపాటు కొంచెం ఇలాచీ చాయ్ వాసన. పొద్దున్నే ఫోన్ ఇచ్చి నిన్ను కూర్చోబెట్టింది అందుకే. నేను చెప్తాను, నువ్వు టైపు చెయ్యి. నా భాష వంకరగా ఉన్నచోట సరిచేసుకో, మంచిదే. చెప్పిన సంగతి మాత్రం మార్చకు. నా మీదికి వచ్చే మాటలు కూడా ఉంటాయి, వాటిని అసలే మార్చకు.

చదివేవాళ్లు ఆమెను చూడలేదు కదా, ముందు మనిషిని చెప్తాను. సన్నగా, పొడుగ్గా ఉండేది. కళ్లద్దాలు ఎప్పుడూ ముక్కు మీదికి జారుతుండేవి. వాటిని వేలితో పైకి తోసుకోలేక మణికట్టుతో తోసుకునేది, ఎందుకంటే వేళ్లు వంగేవి కావు. కణుపులన్నీ ఉబ్బి అల్లం కొమ్ముల్లా ఉండేవి. పెద్ద చదువు చదివిన డాక్టరు, హైదరాబాదులో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది, పరిశోధనలు చేసింది. కీళ్ల జబ్బు ముదిరాక తన ఊరు వికారాబాద్ వచ్చి ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఈ చేతులతోని గాజులు ఎట్ల వేసుకుందు?" అని నవ్వేది. ఒకసారి నేను ఆ జబ్బేమిటని అడిగాను. "నా ఒంట్ల పోలీసోల్లు నన్నే కొడుతున్నరు సుగుణా. దొంగ లేడు, ఏం లేదు. కొట్టుడు షురూ చేసిన్రు గని, ఆపుమని చెప్పేటోడు లేకపాయె" అంది. మన ఒంట్లో రోగాలతో కొట్లాడే కణాలుంటాయి కదా, వాటి సంగతి అది. అవి తన కీళ్లనే శత్రువు అనుకున్నాయట. ఆపేది ఎవరు, ఎలా ఆపుతారు అన్నదే ఆమె జీవితమంతా వెతికింది.

అప్పుడు నేను ఈ తాండూరులోనే, బజారులో ఒక చిన్న రక్తపరీక్షల సెంటర్లో పనిచేసేదాన్ని. రక్తం తీయడం, ట్యూబు మిషన్లో పెట్టి తిప్పడం, పైన తేలిన పసుప్పచ్చని నీళ్లు, అదే ప్లాస్మా, వేరు చేయడం, ఇదీ నా పని. ఒకరోజు ఆమె ఆటో దిగి లోపలికొచ్చి, పేరు చెప్పకుండా కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. ఆ చేతికి నరం దొరకడం ఎంత కష్టమో తీసేవాళ్లకే తెలుసు. వేలితో తడిమి తడిమి, ఒక్క పోటుతో తీశాను. అప్పుడు నవ్వి, "ఇంతకుముందు ముగ్గురి దగ్గరికి పోయిన. ముగ్గురూ జల్లెడ జేసి పంపిన్రు. నా దగ్గర పని ఉన్నది, చేస్తవా?" అంది. నేను ఏం పని అనలేదు, ఎంత ఇస్తారనీ అనలేదు. "మీకు నొప్పి కాలేదా మేడం?" అన్నాను. "మేడం వద్దు, ఆపా అను" అంది. ఆ రోజు నుంచి ఆమె నాకు ఆపా, అంటే అక్క.

పని ఏమిటంటే, తాండూరులో నేలకు పరిచే బండలు కోసే, పాలిష్ చేసే వాళ్ల రక్తం తీయాలి. నువ్వు నల్లాలతో నీళ్లు కొడుతూ కోసే మిషన్లు చూశావు. అప్పట్లో చాలాచోట్ల పొడిగానే కోసేవారు. మనిషి ఎదుట మనిషి కనిపించేవాడు కాదు, అంత దుమ్ము. మీ తాత నర్సింలు అలాంటి మిషన్ మీదే ఉండేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. దగ్గు మొదలై ఏడాది దాటింది. ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయిస్తే ఏమీ లేదన్నారు. కానీ ఇదే మిషన్ల మీద చేసిన పెద్దవాళ్లు ఫోటోలో మచ్చ కనిపించేసరికే చెయ్యిదాటిపోయిన సంగతి మా వాడలో అందరికీ తెలుసు. ఆపా చెప్పిన ఒక్క మాటకు నేను ఆ పనికి ఒప్పుకున్నాను. "ఫోటోల మచ్చ కానొచ్చేకంటె ముందుగాల్నే రక్తంల ఏమన్న కానొస్తదేమో చూద్దామని" అంది. కానొస్తే మీ తాతను ముందే ఆ దుమ్ములోంచి లాగొచ్చు. నాకు కావలసింది అదొక్కటే.

రక్తంలో ఏం చూస్తారని అడిగితే ఆమె నాకు పాఠం పుస్తకంతో చెప్పలేదు. ఒకరోజు పాలిష్ యూనిట్ ముందు చెట్టు కింద కూర్చున్నాం. ఒక లారీ బండల కోసం వెనక్కి వస్తోంది. మహబూబ్ భాయి, మీ తాతతో పాటు ఒకే మిషన్ మీద చేసేవాడు, లారీ పక్కన చేత్తో కొడుతూ "ఆనే దో, ఆనే దో... బస్!" అంటున్నాడు, రానీ, రానీ, ఇక చాలు అని. ఆపా అటు చూపించి, "గా భాయి ఇప్పుడు బండి నడుపుతున్నడా?" అంది. లేదన్నాను. "బండ మోస్తున్నడా?" లేదన్నాను. "మరి ఆయన లేకపోతే?" "లారీ పోయి గోడకు గుద్దుతది ఆపా" అన్నాను. "గంతే" అంది. మన కణాల్లో ఆర్‌ఎన్‌ఏ అని ఒకటి ఉంటుందట. కొన్ని ఆర్‌ఎన్‌ఏలు ప్రొటీన్లు ఎలా తయారుచేయాలో చెప్తాయి. కానీ అసలు ప్రొటీనే తయారుచేయించని ఆర్‌ఎన్‌ఏలు, చిన్నవీ పొడుగువీ, కుప్పలకొద్దీ ఉన్నాయట. ఇవి ఎందుకూ పనికిరావని ఒకప్పుడు పక్కన పెట్టారట. తీరా చూస్తే, కొట్లాడే కణాలకు ఎప్పుడు మొదలుపెట్టాలో, ముఖ్యంగా ఎప్పుడు ఆపాలో చెప్పేవాటిల్లో ఇవీ ఉన్నాయి. అంతేకాదు, ఒక కణం వీటిని చిన్న చిన్న బుడగల్లో పెట్టి రక్తంలోకి వదిలితే, అవి ఇంకెక్కడో ఉన్న కణానికి చేరతాయట. "మరి బండ దుమ్ముకు ఏమైతది?" అన్నాను. "ఊపిరితిత్తిల ఉన్న కణం దుమ్మును మింగుతది. రాయి కదా, అరగది. అది సచ్చుకుంట తోటోల్లను పిలుస్తది. వచ్చినోల్లు గూడ మింగుతరు, సస్తరు. పిలుపు బందు కాదు. కొందరి ఒంట్ల 'బస్' అనేది గట్టిగ వినవడ్తదేమో, కొందరి ఒంట్ల వినవడదేమో. ఏమో అంటున్న, యాది పెట్టుకో. ఇంక తెల్వది." ఆ ఏమోను నేను యాది పెట్టుకోలేదు. నాకు కావలసినదాన్నే విన్నాను.

ఇక రక్తం తీయడం. రోజంతా బండలెత్తే మగవాళ్లు, గేటు దగ్గర సూది చూడగానే మాయమయ్యేవారు. ఒకాయన పాలిష్ పొడి బస్తాల వెనక దాక్కుంటే నేనే పట్టుకొచ్చాను. చేతులు మొద్దుబారి, చర్మం బండలాగా ఉండేది. పెద్ద సూది పెడితే "అమ్మో సిస్టరమ్మా, రక్తం తీస్తున్నవా, పానం తీస్తున్నవా?" అని గోల. నాకు జాలేసింది. సెంటర్లో పిల్లలకు వాడే సన్న సూదులుండేవి. వాటితో తీశాను. నొప్పి లేదని ఒకరికొకరు చెప్పుకుని వరసగా వచ్చారు. ఆపా నాకు మొదటిరోజే చెప్పింది, లావు సూదే వాడాలని. సన్న సూదిలోంచి గట్టిగా లాగితే ఎర్రకణాలు నలిగి పగులుతాయి, వాటి లోపల ఉన్న ఆర్‌ఎన్‌ఏలు ప్లాస్మాలో కలిసిపోతాయి. అప్పుడు మనం వెతికే చిన్న మాట ఆ గోలలో వినపడదు. ప్రతి మనిషి కాగితం మీద సూది సైజు రాసే గడి కూడా ఉంది. నేను అన్నింట్లో లావు సూది నంబరే రాశాను. ప్లాస్మా చూస్తే పసుపులో కనిపించీ కనిపించనంత గులాబీ రంగు. ఇంత చిన్నదానికి ఏమవుతుందిలే అనుకున్నాను. మీ తాతకు, ఆయన దోస్తులు ఇద్దరికి మాత్రం లావు సూదే పెట్టాను. నా మొగుడి దగ్గర నాకు మొహమాటమేంటి? "అందరికి సన్నది, నాకు దబ్బనమా? పెండ్లాం చేతిల పడితే గింతే" అని అరిచాడు. దోస్తులు ఆయన్ను ఎక్కిరించి, మేమూ తగ్గమని చేతులు చాపారు. మహబూబ్ భాయికి మాత్రం సన్నదే. అతని చెయ్యి చూస్తే నాకు చెయ్యి రాలేదు.

ఐస్ పెట్టిన డబ్బా ఒళ్లో పెట్టుకుని రైల్లో వికారాబాద్ పోయి ఆపాకు ఇచ్చేదాన్ని. అక్కడినుంచి హైదరాబాదుకు పోయేవి. దుమ్ము పని చేయని వికారాబాద్ వాళ్ల రక్తం అక్కడి నర్సొకామె తీసేది, లావు సూదితోనే. కొన్ని నెలలకు లెక్కలొచ్చాయి. ఆ రోజు ఆపా ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. చాయ్ తనే కలిపింది. ఆ వేళ్లతో గిన్నె పట్టుకోవడం కష్టమని నేను లేవబోతే కూర్చోమంది. "సుగుణా, మస్తు ఫరక్ ఉన్నది. తాండూరోల్లు ఒక దిక్కు, వికారాబాద్ వాల్లు ఒక దిక్కు. తాండూరోల్లల్ల ముగ్గురు మాత్రం వికారాబాద్ వాల్ల లెక్క ఉన్నరు" అంటూ కాగితం చూపించింది. పేర్లుండవు, నంబర్లే. కానీ ఆ నంబర్లు వేసింది నేనే. మొదటి నంబరు మీ తాతది. నాకు ఇంకేం కావాలి! కళ్లలో నీళ్లొచ్చాయి. ఆపా నా సంతోషం కూడా తన పని కోసమే అనుకుంది. మిగతా రెండు నంబర్లు ఎవరివో నేను ఆ రోజు చూసుకోనేలేదు.

ఇంటికొచ్చి చేయకూడని పని చేశాను. "నీ రక్తం మంచిగున్నదట" అని మీ తాతకు చెప్పేశాను. ఆయన ఆ మాటను ఒళ్లంతా రాసుకున్నాడు. చాయ్ హోటల్లో చెప్పాడు, మిషన్ దగ్గర చెప్పాడు. నేను ఎన్నాళ్లో పోరి కట్టించిన ముక్కు రుమాలు తీసేశాడు. "నాకేం కాదంట, రక్తంలనే రాసున్నది" అని, ఎవరూ పోని పొడి మిషన్ మీద ఇంకో పూట పని ఒప్పుకున్నాడు. వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం ఆయనకు అన్నం తీసుకుపోతే, దుమ్ములో ముగ్గురూ నవ్వుతున్నారు, మీ తాత, ఆ ఇద్దరు దోస్తులు. "మా ముగ్గురికి దబ్బనం పెట్టినవ్, బాకీ ఉన్నది వదినా" అన్నాడు అందులో ఒకడు. అన్నం డబ్బా నా చేతిలోనే ఉండిపోయింది. ముగ్గురు. లావు సూది పెట్టింది ముగ్గురికి. మంచిగా వచ్చింది ముగ్గురికి. వాళ్ల నంబర్లు మనసులోనే చూసుకున్నాను. అవే. అంటే ఆ కాగితం ఊపిరితిత్తుల సంగతి చెప్పలేదు, నా సూది సంగతి చెప్పింది. ఆపా ఆ లెక్కలతో హైదరాబాదులో పెద్దల ముందు మాట్లాడబోతోంది. మీ తాత ఆ లెక్కలనే నమ్మి రుమాలు లేకుండా దుమ్ములో నిలబడ్డాడు. చెప్తే ఆపా పని పోతుంది, నా పని పోతుంది, మీ తాతకు మంచిగుందన్న మాటా పోతుంది. చెప్పకపోతే మీ తాతే పోతాడేమో.

మర్నాడు పొద్దుటి రైలుకే పోయాను. ఆపా వరండాలో వేళ్లను వేడినీళ్లలో ముంచి కూర్చుని ఉంది. నిలబడే మొత్తం చెప్పేశాను. ఆమె అరవలేదు. అరిస్తే నాకు తేలికయ్యేది. "ఎందరికి?" అంది. "ముగ్గురికి తప్ప అందరికి ఆపా." "ఎందుకు?" "నొప్పయితదని." వేళ్లను నీళ్లలోంచి తీసి ఒక్కొక్కటే తుడుచుకుంది. "నా చేతులు మంచిగుంటె నేను గూడ గా మొఖాలు చూసి సన్నదే వెడ్తుంటినేమో. దయ తప్పు గాదు. కని కాగితం మీద లావుదని రాస్తివి చూడు, గది తప్పు. సన్నదని రాసి ఉంటే నేను పట్టుకుందును. నా చేతులు నువ్వే అనుకున్న సుగుణా. చెయ్యి అబద్ధం చెప్తే మనిషికి ఎట్ల తెలుస్తది?" అంది. తర్వాత ఫోన్ ఒళ్లో పెట్టుకుని, మణికట్టుతో కళ్లద్దాలు తోసుకుని, నా ముందే హైదరాబాదుకు చేసింది. నమూనాలు చెడిపోయాయి, పెద్దల ముందు ఆ లెక్కలు చెప్పడం కుదరదు, అంది. అవతలివాళ్లు ఏదో గట్టిగా అంటున్నారు. "జీ, నా జిమ్మేదారే" అని బాధ్యతంతా తన మీదే వేసుకుని పెట్టేసింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి, రేపటి నుంచి రావద్దా అని అడిగాను. "రాకపోతే మల్ల ఎవరు తీస్తరు? నా తాతా?" అంది. అప్పుడు ఏడ్చాను, నవ్వొచ్చి ఏడ్చాను.

ఆ వారమే ఆపా తాండూరు వచ్చింది. యూనిట్లో మిషన్లు ఆపించి అందరి ముందు నిలబడి, "మీ రక్తం మేం సరిగ్గ తీయలే. తప్పు మాది. ఎవ్వరికి మంచిగున్నదని గాని, చెడ్డగున్నదని గాని మాకు తెల్వది. మల్ల ఇయ్యమని అడగొచ్చిన. ఇయ్యకున్నా మీ ఇష్టం" అంది. నా పేరు ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఎవరూ కదల్లేదు. మీ తాత నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆయనకు అర్థమైంది. మహబూబ్ భాయి ముందుకొచ్చాడు. "ఏందాపా, మా రక్తం చాయ్ లెక్కయ్యిందా? ఒక్క కప్పు తాగి ఇంకో కప్పు అడుగుతున్నరు!" అని, అందరూ నవ్వుతుండగానే చొక్కా మడిచి నా ముందు కూర్చున్నాడు. "లావుదే వెట్టు చెల్లె. మేం బండలు మోసేటోల్లం, పిల్లలమా?" అన్నాడు. నొప్పికి పెదవి కొరుక్కున్నాడు కానీ చెయ్యి కదపలేదు. నేను మాత్రం వాళ్లను పిల్లలనే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆపా ఆ రోజు మీ తాతను పక్కకు పిలిచి చెప్పింది కూడా విను. "దుమ్ము చెడ్డదని చెప్పెటందుకు నాకు రక్తం అక్కర్లేదు నర్సింలూ. గది కన్నుంటే చాలు. రుమాలు కట్టు. పొడి మిషన్ ఇడిచిపెట్టు." ఆయన నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు నీళ్లు పెట్టి కోసే యూనిట్లో చేరాడు. కూలి తక్కువ. ఆ సంగతి కూడా నాతో అనలేదు.

రెండోసారి లెక్కల్లో ఆ పెద్ద తేడా లేదు. చిన్నదేదో మిగిలింది. అది నిజమో కాదో తేల్చడానికి ఇంకా ఎంతోమంది రక్తం కావాలి, ఇంకా ఏళ్లు కావాలి. ఆపా అలాగే రాసింది. తేలలేదు అని రాసినదానికి ఎవరు చప్పట్లు కొడతారు? పని అక్కడితో ఆగింది. కానీ ఆమె ఇంటికి నేను పోవడం ఆగలేదు. నెలకోసారి పోయి, ఆమె రక్తం తీసి, చాయ్ తాగి వచ్చేదాన్ని. నేను ఆరో తరగతే చదివానని ఆమె ఒక్క మాట కూడా దాచలేదు. కొత్తగా ఎక్కడ ఏం తెలిసినా చదివి చెప్పేది. ఫలానా చిన్న ఆర్‌ఎన్‌ఏ మంటను చల్లారుస్తుందని అనుకున్నారు, ఇంకో కణంలో అదే మంట పెంచుతోందట, అని చిన్నపిల్లలా ఆశ్చర్యపోయేది. ఇంత చదివి ఇంకా ఆశ్చర్యమేమిటని నాకు ఆశ్చర్యం.

మహబూబ్ భాయి ఊపిరాడక పోయినప్పుడు వాడలో కొందరు అన్నారు, మొదటి లెక్కే నిజం కదా, నర్సింలు రక్తం మంచిగుందన్నారు, ఇతనిది అనలేదు, అని. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పను. ఆ మాటే పట్టుకుని ఆపా దగ్గరికి పోయాను. ఆమెను చూడడం అదే ఆఖరుసారని నాకు అప్పుడు తెలీదు. పోయిన చలికాలం. మంచం మీదే ఉంది, గొంతు సన్నగా వస్తోంది. "గడియారం ఆగిపోయినా దినాం రెండుసార్లు సరైన టైం చూపిస్తది సుగుణా. దాన్ని చూసి రైలెక్కుతమా?" అంది. మరి ఒకే మిషన్, ఒకే దుమ్ము, ఒకడు పోయాడు, ఒకడు ఉన్నాడు, ఎందుకు ఆపా, అన్నాను. కిటికీ వైపు చూస్తూ, "తెల్వది. తెలిసేదాంక ఉండాలని మస్తుగుండె" అంది. నాకు ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది, నొప్పవుతుందేమోనని పట్టుకోలేదు. అది ఇప్పుడు నొప్పిగా ఉంది.

నువ్వు బీఎస్సీలో చేరినప్పటి నుంచీ రైలు దిగి రాగానే, ఇవాళ ఏం చెప్పారే, ఆ ఆర్‌ఎన్‌ఏల సంగతి కొత్తగా ఏమన్నా తెలిసిందటా అని అడుగుతుంటాను. నానమ్మా, నీకెందుకవన్నీ, కాళ్లన్నా కడుక్కోనీ, అని విసుక్కుంటావు. విసుక్కో, పరవాలేదు. తెలీకపోతే తెలీదనే చెప్పు, నన్ను సంతోషపెట్టడానికి ఏదో ఒకటి చెప్పకు. అడిగేది నా కోసమైతే ఎప్పుడో మానేసేదాన్ని, బిడ్డా.